మహారాణి తండ్రి రాజు కాదు

1747లో సెయింట్ పీటర్స్‌బర్గ్ రాజభవనంలో ఒక కొత్త కోడలు, తండ్రి పోయాడన్న కబురు విని ఏడుస్తూ కూర్చుంది. పద్దెనిమిదేళ్లు నిండీ నిండని పిల్ల. వారం గడిచాక మహారాణి ఎలిజబెత్ తరఫున చొగ్లొకోవా అనే ఆవిడ వచ్చింది. ఏడ్చింది చాలు, మహారాణి ఆపమన్నారు, పోయినాయన రాజేమీ కాదు కదా అంది. రాజు కాదు నిజమే, కానీ మా నాన్న అని ఆ పిల్ల జవాబిచ్చింది. రాజు కాని తండ్రి కోసం అంతకు మించి ఏడవడం నీ హోదాకు తగదన్నారు. చివరికి ఆరు వారాల పాటు నల్ల పట్టుబట్టలు వేసుకోవడానికి మాత్రం ఒప్పుకున్నారు. ఈ సంగతంతా ఆమే తన జ్ఞాపకాల్లో రాసుకుంది. తర్వాత రష్యాను 34 ఏళ్లు ఏలిన కేథరిన్ ది గ్రేట్ ఆమే.

పోయినాయన పేరు క్రిస్టియన్ ఆగస్ట్, ఆన్‌హాల్ట్-జెర్బ్స్ట్ ప్రిన్స్. కేథరిన్ గురించి రాసేవాళ్లు ఆయనకు ఒక్క వాక్యం కేటాయిస్తారు: పేరూ ఊరూ లేని ఓ పేద జర్మన్ ప్రిన్స్ అని. ఆ ఒక్క వాక్యంలో ఎన్ని చిక్కుముళ్లున్నాయో చూడండి. ప్రిన్స్ అంటే ఒక రాజ్యం ఉండాలి కదా, మరి రాజు ఎందుకు కాదు? వంశానికి సొంత సంస్థానం ఉన్నవాడు పక్క రాజు దగ్గర జీతానికి ఎందుకు చేరాడు? కూతురికి అంత పెద్ద సంబంధం ఎలా కుదిరింది, కుదిరాక పెళ్లికి ఆయన్ను ఎందుకు పిలవలేదు? వంశం ఆగిపోయినప్పుడు ఆస్తంతా దాయాదులకు పోతే, ఒక్క ముక్క మాత్రం రష్యా మహారాణి చేతికి ఎలా వచ్చింది?

ఈ కుటుంబం కథ చదివేటప్పుడు నాకు కొట్టొచ్చినట్టు కనిపించింది ఒకటుంది. కాగితాల మీద హక్కులన్నీ మగవాళ్లవి. కథ మలుపు తిరిగిన ప్రతిచోటా ఉన్నది మాత్రం ఆడవాళ్లు.

వాటాలు, వాటాల్లో వాటాలు

ముందు హోదా సంగతి. అప్పట్లో జర్మనీ అనే దేశం లేదు. పవిత్ర రోమన్ సామ్రాజ్యం అనే గొడుగు కింద మూడు వందలకు అటూ ఇటుగా రాజ్యాలు, సంస్థానాలు, బిషప్పుల ఏలుబడులు, స్వతంత్ర నగరాలు ఉండేవి. వాటన్నిటి మీదా పేరుకు ఒక చక్రవర్తి, ఆయన ఉండేది వియన్నాలో. ఈ గొడుగు కింద 'రాజు' అనిపించుకునే హక్కు దాదాపు ఎవరికీ లేదు, ఒక్క బొహీమియాకు తప్ప. ప్రష్యా పాలకుడు 1701లో రాజయ్యాడంటే, సామ్రాజ్యం సరిహద్దు బయట ఉన్న ప్రష్యా నేల పేరు చెప్పుకుని అయ్యాడు. శాక్సనీ పాలకుడు రాజయ్యింది పోలాండ్‌కు, హానోవర్ పాలకుడు రాజయ్యింది బ్రిటన్‌కు. కాబట్టి క్రిస్టియన్ ఆగస్ట్ రాజు కాకపోవడంలో వింతేమీ లేదు. ఆయన హోదా జర్మన్‌లో 'ఫ్యూర్స్ట్'. చక్రవర్తికి తప్ప ఇంకెవరికీ జవాబు చెప్పక్కర్లేని సంస్థానాధీశుల కుటుంబం. బారన్‌లు, కౌంట్‌ల కన్నా పై మెట్టు. రాజవంశాలతో వియ్యమందడానికి సరిపోయే మెట్టు, అసలు ముఖ్యమైనది అదే.

భూమి విషయానికొస్తే కథ వేరు. ఆన్‌హాల్ట్ చాలా పాత వంశం, ఎల్బే నదికి అటూ ఇటూ ఉన్న నేల వాళ్లది. ఆ వంశంలో యోఆకిమ్ ఎర్న్‌స్ట్ 1586లో చనిపోతే కొడుకులు కొన్నాళ్లు ఉమ్మడిగా ఏలారు. 1603లో పంచుకోవాలని నిర్ణయించుకున్నారు. దెస్సావ్, బెర్న్‌బర్గ్, కోతెన్, జెర్బ్స్ట్, కొంచెం ఆలస్యంగా ప్లోట్స్‌కావ్. ఐదుగురు అన్నదమ్ములు, ఐదు ఇళ్లు, ఐదు దర్బారులు. సామ్రాజ్య సభలో మాత్రం అందరికీ కలిపి ఒకే ఓటు. ఉమ్మడి ఆస్తులు పంచుకున్న ఇళ్లలో పెరిగినవాళ్లకు దీని గురించి ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

జెర్బ్స్ట్ వాటా రుడాల్ఫ్‌కు వచ్చింది. ఆయన మనవడి తరానికి వచ్చేసరికి మళ్లీ చాలామంది అన్నదమ్ములు. ఇంకోసారి ముక్కలు చేస్తే మిగిలేదేమీ ఉండదని అర్థమై, పెద్దకొడుక్కే గద్దె అనే పద్ధతి పెట్టుకున్నారు. చిన్నవాళ్లకు బతకడానికి ఒక్కో చిన్న ఎస్టేటు. అలా యొహాన్ లుడ్‌విగ్‌కు దక్కింది డోర్న్‌బర్గ్, ఎల్బే ఒడ్డున ఓ పల్లె, ఒక గఢీ. ఈ యొహాన్ లుడ్‌విగ్ మూడో కొడుకే మన క్రిస్టియన్ ఆగస్ట్, 1690 నవంబర్ 29న డోర్న్‌బర్గ్‌లో పుట్టాడు. చిన్న వంశంలో చిన్న శాఖ, ఆ శాఖలోనూ మూడోవాడు. గద్దె ఎక్కే ఆశ ఏ మూలా లేదు.

అసలు ప్రిన్స్ అనిపించుకునే హక్కు కూడా ఒక దశలో అనుమానంలో పడింది. వాళ్లమ్మ క్రిస్టీన్ ఎలియోనోర్ ఫాన్ జోయ్‌ట్ష్ సంస్థానాల ఇంటి ఆడపడుచు కాదు, మామూలు భూస్వాముల పిల్ల. సంస్థానాల లెక్కలో అది సమానమైన పెళ్లి కాదు. అలాంటి పెళ్లికి పుట్టినవాళ్లకు తండ్రి బిరుదు గానీ వారసత్వం గానీ దక్కకపోవచ్చు. దాయాదులకు ఇంతకంటే మంచి సాకు దొరకదు, వాటాదార్లు తగ్గుతారు కదా. 1698లో వియన్నా నుంచి చక్రవర్తి లియోపోల్డ్ ధ్రువీకరణ ఒకటి తెచ్చుకున్నాక, ఆ పిల్లలు కూడా పూర్తిస్థాయి ప్రిన్సులేనని తేలింది. క్రిస్టియన్ ఆగస్ట్‌కు అప్పుడు ఏడేళ్లు. ఆ కాగితం రాకపోయి ఉంటే ఆయన ఓ సైనికాధికారిగా మిగిలేవాడేమో, ఆయన కూతురి ఫొటోలాంటి బొమ్మ రష్యా మహారాణి బల్ల మీదకు చేరే ప్రశ్నే ఉండేది కాదు. కేథరిన్ రాచరికపు రక్తం గురించి గొప్పగా రాసేవాళ్లు ఈ నాయనమ్మ ఊసు ఎత్తరు.

స్టెట్టిన్‌లో ఉద్యోగం

భూమి లేని ప్రిన్సుకు ఉన్న దారి ఒక్కటే, సైన్యం. అప్పట్లో చిన్న సంస్థానాల చిన్నకొడుకులంతా చక్రవర్తి సైన్యంలోనో, డచ్ వాళ్ల దగ్గరో, ప్రష్యాలోనో చేరేవాళ్లు. అందులో చిన్నతనం ఏమీ లేదు. సైన్యానికి పెద్ద పేర్లు కావాలి, పెద్ద పేర్లకు జీతం కావాలి. క్రిస్టియన్ ఆగస్ట్ ప్రష్యాలో చేరి స్పెయిన్ వారసత్వ యుద్ధంలో పనిచేశాడు, తర్వాత స్వీడన్ మీద దండయాత్రకు వెళ్లాడు. 1720లో స్వీడన్ నుంచి ప్రష్యాకు దక్కిన బాల్టిక్ రేవు నగరం స్టెట్టిన్‌లో ఉన్న దండుకు అధిపతి అయ్యాడు. ఇప్పుడది పోలాండ్‌లోని ష్చెచిన్. తర్వాత అక్కడే గవర్నర్. భక్తిపరుడైన లూథరన్, అంటే ప్రొటెస్టెంట్ క్రైస్తవుడు, పొదుపరి, క్రమశిక్షణ మనిషి. సరదా మనిషి అని మాత్రం ఎవరూ రాయలేదు.

1727లో, 37 ఏళ్లు నిండబోతుండగా, పదిహేనేళ్ల యొహాన్నా ఎలిజబెత్‌ను పెళ్లి చేసుకున్నాడు. ఆమెది హోల్‌స్టైన్-గొట్టార్ప్ వంశం. ఇక్కడ పేర్ల గందరగోళం మొదలవుతుంది, ఓపిక పట్టండి. ఆమె తండ్రి పేరు కూడా క్రిస్టియన్ ఆగస్టే, అంటే మామా అల్లుళ్లది ఒకే పేరు. ఆమె అన్నదమ్ముల్లో ఒకాయన ఫ్రెడరిక్ ఆగస్ట్, తర్వాత ఆమె కొడుకూ ఫ్రెడరిక్ ఆగస్టే. క్రిస్టియన్ ఆగస్ట్ అన్నగారు తండ్రి పేరే పెట్టుకున్న రెండో యొహాన్ లుడ్‌విగ్. ఇంటర్నెట్‌లో ఈ వంశవృక్షాలు చూసి ఒకరి పెళ్లి ఇంకొకరికి అంటగట్టేవాళ్లను చూస్తుంటాను, తప్పు పూర్తిగా వాళ్లది కాదు.

యొహాన్నా కట్నం పెద్దగా తేలేదు గానీ చుట్టరికాలు తెచ్చింది. ఆమె పెరిగింది బ్రౌన్‌ష్వైగ్ దర్బారులో, ఓ ధనవంతురాలైన బంధువు నీడన. నాట్యాలు, విందులు, కబుర్ల మధ్య పెరిగిన పిల్లను తీసుకొచ్చి కోట గోడల మధ్య ఓ సైనికాధికారి ఇంట్లో పెట్టారు. ఆ అసంతృప్తి ఆమెను జీవితాంతం వదల్లేదు. తొలి కాన్పులో 1729 మే 2న ఆడపిల్ల పుట్టింది, సోఫీ ఆగస్ట్ ఫ్రెడరికే, ముద్దుగా ఫీకే. తర్వాత కేథరిన్ అయ్యేది ఈ పిల్లే. తల్లి కోరుకున్నది కొడుకును. ఏడాదిన్నరకు విల్‌హెల్మ్ పుట్టాడు, తల్లి ప్రేమంతా వాడికే. వాడికి కాలు సరిగా లేదు, 1742లో జ్వరంతో పోయాడు. 1734లో పుట్టిన ఫ్రెడరిక్ ఆగస్ట్ మిగిలాడు. ఇద్దరు ఆడపిల్లలు పసితనంలోనే పోయారు.

ఆ ఇంట్లో రోజులు ఎలా గడిచేవో కేథరిన్ జ్ఞాపకాల్లో ఒక చోట చాలా దగ్గరగా కనిపిస్తుంది. ఏడేళ్లప్పుడు జబ్బుచేసి వారాల తరబడి మంచాన పడి లేచేసరికి ఆమె వెన్ను ఒక పక్కకు వంగిపోయింది. పెళ్లి తప్ప వేరే భవిష్యత్తు లేని పిల్లకు గూని వస్తే ఇక అంతే సంగతులు. అందుకే ఈ విషయం బయటికి పొక్కనివ్వలేదు. ఎముకలు సరిచేయడంలో చెయ్యితిరిగినవాడు ఊళ్లో ఒక్కడే ఉన్నాడు, ఉరితీసే తలారి. గవర్నరుగారి ఇంటికి తలారిని గుట్టుగా పిలిపించారు. వాడు చూసి, రోజూ పొద్దున్నే పరగడుపున ఉన్న ఓ పనిపిల్ల ఎంగిలితో పాప భుజం, వెన్ను రుద్దాలన్నాడు. పగలూ రాత్రీ తీయకుండా తొడుక్కోవాల్సిన బిగుతు రవిక లాంటిది ఒకటి తయారుచేసి పెట్టాడు. పదో ఏడో పదకొండో ఏడో వచ్చేసరికి నడుం నిలబడింది. ఎంగిలి మహిమ ఎంతో గానీ, ఆడపిల్ల ఒంటి తీరు ఆ ఇంటికి ఎంత పెద్ద ఆస్తో ఈ ఒక్క సంగతి చెబుతుంది.

చదువు చెప్పింది బాబెట్ కార్దెల్ అనే ఫ్రెంచ్ ప్రొటెస్టెంట్ ఆవిడ. మతం చెప్పడానికి వాగ్నర్ అనే పాస్టర్ వచ్చేవాడు. క్రీస్తు గురించి వినే అవకాశమే లేని పాతకాలపు మంచివాళ్లంతా నరకానికి పోతే దేవుడి న్యాయం ఏమైనట్టు అని ఆ పిల్ల పట్టుబట్టి అడిగితే, ఆయన కొట్టించమన్నాడు. కార్దెల్ అడ్డుపడింది. తండ్రి ఈ గొడవల్లో ఎక్కడా కనబడడు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆయన దండు పనుల్లో ఉండేవాడు.

1742 ఆ ఇంటికి ఒకేసారి చావులూ పదవులూ తెచ్చింది. ఆ ఏడే ప్రష్యా రాజు రెండో ఫ్రెడరిక్ ఆయన్ను ఫీల్డ్ మార్షల్ చేశాడు. అదే ఏడు చివర్లో జెర్బ్స్ట్ పెద్ద శాఖలో ఉన్న దాయాది వారసులు లేకుండా పోయాడు. గద్దె క్రిస్టియన్ ఆగస్ట్‌కూ, పెళ్లి చేసుకోని అన్నగారికీ ఉమ్మడిగా దక్కింది. 52 ఏళ్ల వయసులో కుటుంబంతో జెర్బ్స్ట్ కోటలోకి మారాడు. అన్న 1746 నవంబర్‌లో పోయాడు, ఈయన 1747 మార్చి 16న. పూర్తి సంస్థానాన్ని తానొక్కడే ఏలింది నాలుగు నెలల పైచిలుకు.

అసలు బలం అమ్మ వైపు

సోఫీకి రష్యా సంబంధం ఎలా వచ్చిందో తెలియాలంటే తండ్రి వంశవృక్షం పక్కన పెట్టి తల్లి వైపు చూడాలి. యొహాన్నా అన్న కార్ల్ ఆగస్ట్‌కూ, పీటర్ ది గ్రేట్ కూతురు ఎలిజబెత్‌కూ పెళ్లి నిశ్చయమైంది. పెళ్లికి ముందే 1727లో అతను మశూచితో పోయాడు. ఎలిజబెత్ ఆ పేరు మరచిపోలేదు, ఆ ఇంటి మీద మమకారం వదులుకోలేదు. ఎలిజబెత్ అక్క అన్నా కూడా ఆ వంశపు కోడలే, యొహాన్నా పెదనాన్న కొడుకు కార్ల్ ఫ్రెడరిక్ భార్య. వాళ్ల కొడుకే పీటర్. 1741లో ఎలిజబెత్ సైన్యం అండతో రష్యా గద్దె ఎక్కింది. తనకు పిల్లలు లేరు కాబట్టి ఈ అక్క కొడుకును పిలిపించి వారసుణ్ణి చేసింది. మన వరసల్లో చెప్పుకుంటే కార్ల్ ఫ్రెడరిక్ సోఫీకి వేలు విడిచిన మేనమామ, పీటర్ బావ. పిల్లలిద్దరూ 1739లో ఒకరినొకరు చూసుకున్నారు కూడా, అతనికి పదకొండు, ఆమెకు పది.

అసలు మేనమామ సంబంధం కూడా ఒకటి వచ్చింది. సోఫీకి పద్నాలుగో ఏడు వచ్చేసరికి తల్లి తమ్ముడు గియోర్గ్ లుడ్‌విగ్, ఆమె కన్నా పదేళ్లు పెద్ద, ఆ పిల్ల చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. మన వైపు నిన్నమొన్నటి దాకా ఇది తొలి హక్కు. అక్కడ అంత మామూలు కాదు గానీ లేకపోలేదు. అమ్మానాన్నలు ఒప్పుకుంటే నాకూ సమ్మతమేనని సోఫీ చెప్పేసింది. రష్యా నుంచి ఉత్తరం కాస్త ఆలస్యమై ఉంటే కథ అక్కడే ముగిసేది.

ఉత్తరం 1744 కొత్త సంవత్సరం రోజున జెర్బ్స్ట్‌కు వచ్చింది. రాసింది రష్యా యువరాజు కొలువు పెద్ద బ్రూమర్. తల్లీకూతుళ్లు ఆలస్యం చేయకుండా బయల్దేరాలి, ఖర్చులకు పదివేల రూబుళ్ల హుండీ, అంటే చూపిస్తే డబ్బు ఇచ్చే పత్రం, జత చేశాం, ప్రిన్స్‌గారు మాత్రం వెంట రాకూడదు. ఆ వెనకే రెండో ఫ్రెడరిక్ ఉత్తరం. ఈ సంబంధానికి పావులు కదిపినవాళ్లలో ఆయనా ఉన్నాడు. రష్యా మంత్రి బెస్తూజెవ్ శాక్సనీ రాకుమారిని తేవాలని చూస్తుంటే, ఫ్రెడరిక్‌కు తన ఫీల్డ్ మార్షల్ కూతురు అక్కడ ఉంటే మంచిదనిపించింది. క్రిస్టియన్ ఆగస్ట్ ఇరవై ఏళ్లకు పైబడిన ప్రష్యా కొలువు ఈ విధంగా అక్కరకొచ్చింది. పిల్లను ఇచ్చేది తండ్రే అయినా బేరం ఆయన యజమానిది, చుట్టరికం ఆయన భార్యది.

ఆయనకు ఇష్టం లేదు. కారణం డబ్బో రాజకీయమో కాదు, మతం. రష్యా కోడలు కావాలంటే ఆర్థడాక్స్ మతం పుచ్చుకోవాలి. ఆయనకు లూథరన్ విశ్వాసం ప్రాణం. తల్లీకూతుళ్లతో బెర్లిన్ దాకా, అక్కడి నుంచి ఓడర్ నది ఒడ్డున ఉన్న ష్వెట్ దాకా వెళ్లి అక్కడ ఆగిపోయాడు. వాళ్లు కౌంటెస్ రైన్‌బెక్ అనే మారుపేరుతో మంచులో ముందుకు సాగారు. తండ్రీ కూతురూ మళ్లీ కలుసుకోలేదు. కూతురి చేతికి ఆయన ఒక కాగితం ఇచ్చాడు, నడవడిక సూత్రాలు. మతం వదులుకోవద్దు. మహారాణి మాట జవదాటొద్దు. పరిపాలన విషయాల్లో తలదూర్చొద్దు. పెద్ద పందేలు పెట్టి పేకాడొద్దు. చేతి ఖర్చుల డబ్బు నీ దగ్గరే పెట్టుకో. వాటిలో పరిపాలన మాట ఏమైందో లోకానికి తెలుసు.

పెట్టెలో ఏముందో ఆమే రాసుకుంది. రోజుకు మూడుసార్లు దుస్తులు మార్చే దర్బారుకు మూడో నాలుగో గౌన్లు, ఓ డజను లోపలి చొక్కాలు తీసుకుని వెళ్లింది. పక్క మీద వేసుకోవడానికి తల్లి దుప్పట్లే వాడుకుంది. హుండీ డబ్బులో పిల్ల బట్టలకు ఎంత పోయిందో, తల్లి బట్టలకు ఎంత పోయిందో ఊహించుకోవచ్చు.

పెళ్లి జరిగింది, తండ్రి లేడు

మాస్కో చేరిన కొద్ది నెలలకే సోఫీ తండ్రికి ఉత్తరం రాసింది, రెండు మతాల మధ్య తనకు పెద్ద తేడా కనబడలేదని. ఆమెకు మతపాఠాలు చెప్పిన సిమోన్ తొదోర్‌స్కీ జర్మనీలోని హాలెలో చదువుకున్న మనిషి, లూథరన్ తండ్రిని ఎలా ఒప్పించాలో అతనికి తెలిసే ఉంటుంది. 1744 జూన్ 28న, అక్కడి పాత క్యాలెండర్ లెక్కన, మతం మారి ఎకతెరీనా అలెక్సెయెవ్నా అయింది. రష్యాలో పేరులో రెండో భాగం తండ్రి పేరు నుంచి రావాలి. ఆ లెక్కన అలెక్సెయ్ అనే తండ్రి ఆమెకు లేడు. ఎలిజబెత్ తల్లి, మొదటి కేథరిన్ పేరు యథాతథంగా తీసుకొచ్చి పెట్టారు. పేరులోంచి కూడా క్రిస్టియన్ ఆగస్ట్ తప్పుకున్నాడు.

1745 ఆగస్టులో పెళ్లి. పిలుపు వస్తుందని ఆయన జెర్బ్స్ట్‌లో ఎదురుచూస్తూనే ఉన్నాడు. రాలేదు. మతం విషయంలో ఏం పేచీ పెడతాడోనన్న భయం ఒక కారణం కావచ్చు. ఇంకో కారణం యొహాన్నా. రష్యాలో అడుగుపెట్టిన దగ్గర్నుంచి ఆమె ఫ్రెడరిక్ తరఫున రాజకీయం నడపబోయింది. ఫ్రెంచ్ రాయబారి లా షెతార్దీ రహస్య ఉత్తరాలను బెస్తూజెవ్ మనుషులు విప్పి చదివించారు. ఆ సంకేతలిపి విప్పినవాడు క్రిస్టియన్ గోల్డ్‌బాక్, ప్రధాన సంఖ్యల మీద నేటికీ తేలని ఊహ ఒకటి ఉంది చూడండి, దాని తాలూకు గోల్డ్‌బాకే. ఉత్తరాల్లో యొహాన్నా పేరు బయటపడింది. ట్రినిటీ మఠంలో ఎలిజబెత్ ఆమెను తలుపులు మూసి చీవాట్లు పెడుతుంటే, బయట కిటికీ గట్టు మీద పీటరూ సోఫీ కూర్చుని నవ్వుకుంటున్నారు. గదిలోంచి వచ్చిన రాజవైద్యుడు లెస్తాక్, నీ మూటాముల్లె సర్దుకో అన్నాడు సోఫీతో. ఆ గండం గడిచింది. పెళ్లయ్యేదాకా ఓపిక పట్టి, తర్వాత యొహాన్నాను పంపేశారు. వెళ్తూ భారీగా అప్పులు మిగిల్చింది, వాటి బరువు కూతురి మీద పడింది.

కేథరిన్ నిజంగా ఈయన కూతురేనా అన్న పుకారు కూడా ఉంది. కొందరు రెండో ఫ్రెడరిక్ అంటారు, కొందరు రష్యా ప్రముఖుడు ఇవాన్ బెత్స్‌కోయ్ అంటారు. రెండింటికీ ఆధారం ఏమీ లేదు. సాదాసీదా తండ్రికి అసాధారణమైన కూతురు పుట్టడం జనానికి మింగుడుపడదు, పుకారు పుట్టడానికి అది చాలు.

చివరి వారసుడు, చివరి ముక్క

క్రిస్టియన్ ఆగస్ట్ పోయేటప్పటికి కొడుక్కి పన్నెండేళ్లు. 1752 దాకా యొహాన్నా అతని తరఫున పాలించింది, డోర్న్‌బర్గ్‌లో ఆ పల్లె మోయలేనంత పెద్ద భవనం కట్టించింది. ప్రష్యా ఒక వైపు, ఫ్రాన్స్, ఆస్ట్రియా, రష్యా ఇంకో వైపుగా ఏడేళ్ల యుద్ధం వచ్చింది. 1758లో ఓ ఫ్రెంచ్ మనిషిని జెర్బ్స్ట్‌లో దాచిపెట్టారని ఫ్రెడరిక్ సైన్యం వచ్చిపడింది. భర్త జీవితమంతా ఏ రాజుకు కొలువు చేశాడో ఆ రాజు సైనికులే ఇంటి మీదికి వచ్చారు. తల్లీకొడుకులు పారిపోయారు. ఆమె పారిస్ చేరి, మారుపేరుతో బతికి, 1760లో అప్పుల్లోనే పోయింది.

ఫ్రెడరిక్ ఆగస్ట్ తర్వాత ఎక్కువ కాలం సంస్థానంలో లేడు. బాజెల్‌లో, లక్సెంబర్గ్‌లో ఉంటూ దూరం నుంచే ఏలాడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం వచ్చినప్పుడు బ్రిటన్‌తో ఒప్పందం చేసుకుని వెయ్యిమందికి పైగా సైనికులను అద్దెకు పంపాడు. అప్పట్లో చిన్న సంస్థానాలు కొన్నిటికి అదో రాబడి. రెండు పెళ్లిళ్లు చేసుకున్నాడు, పిల్లలు లేరు. 1793లో లక్సెంబర్గ్‌లో చనిపోయాడు. జెర్బ్స్ట్ శాఖ అక్కడితో ఆగిపోయింది.

అప్పటికి రష్యా గద్దె మీద ఉన్నది అతని సొంత అక్క. అయినా జెర్బ్స్ట్‌లో ఆమెకు ఒక్క గజం కూడా రాలేదు. అది మగవాళ్ల వరసలోనే వెళ్లాల్సిన ఆస్తి, దాయాదులైన దెస్సావ్, బెర్న్‌బర్గ్, కోతెన్ శాఖలకు పోయింది. వాళ్లు 1797లో చీటీలు వేసుకుని పంచుకున్నారు. జెర్బ్స్ట్ పట్టణం దెస్సావ్‌కు, కోస్‌విగ్ బెర్న్‌బర్గ్‌కు, రోస్‌లావ్ కోతెన్‌కు.

ఒక్క యేవర్ మాత్రం ఆ చీటీల్లోకి రాలేదు. ఉత్తర సముద్రం దగ్గర, జెర్బ్స్ట్‌కు చాలా దూరంగా ఉన్న చిన్న ఏలుబడి అది. ఒకప్పుడు మారియా అనే ఆవిడ సొంతంగా ఏలి, 1575లో పోతూ ఓల్డెన్‌బర్గ్ వాళ్లకు రాసిచ్చింది. ఓల్డెన్‌బర్గ్ కౌంట్ ఆంటన్ గ్యూంటర్‌కు వారసత్వానికి పనికొచ్చే కొడుకు లేడు. ఆయన చెల్లెలు మాగ్దలేన జెర్బ్స్ట్ వాటా దక్కిన ఆ రుడాల్ఫ్‌కు భార్య. 1667లో ఆంటన్ గ్యూంటర్ పోయినప్పుడు యేవర్ ఆమె కొడుకు ఇంటికి, అంటే జెర్బ్స్ట్‌కు, వచ్చింది. అంటే ఆడవాళ్ల ద్వారా చేతులు మారగల ఆస్తి. ఫ్రెడరిక్ ఆగస్ట్ పోగానే నిబంధన ప్రకారం అది అక్కగారికి చెందింది. అలా కేథరిన్ అటు సైబీరియాకూ, ఇటు ఉత్తర సముద్రపు ఒడ్డున ఓ చిన్న జర్మన్ ఊరికీ ఏలిక అయింది. అక్కడి పాలన చూసుకోమని తమ్ముడి భార్యకే అప్పగించింది. పుట్టింటి నుంచి ఆమెకు దక్కిన స్థిరాస్తి ఇదొక్కటే.

ఆమె తర్వాత యేవర్ కొడుకు పాల్‌కు, మనవడు అలెగ్జాండర్‌కు వచ్చింది. 1807లో నెపోలియన్‌తో సంధిలో హాలండ్‌కు పోయింది, 1813లో మళ్లీ రష్యాకు వచ్చింది. అంత దూరాన ఆ ముక్కతో ఏం చేసుకోవాలో రష్యాకు తెలియలేదు. పక్కనున్న ఓల్డెన్‌బర్గ్ అప్పటికే యొహాన్నా పుట్టింటివాళ్ల చేతిలో ఉంది. 1773లో కేథరిన్ హోల్‌స్టైన్ భూములు డెన్మార్క్‌కు ఇప్పించి, బదులుగా వచ్చిన ఓల్డెన్‌బర్గ్‌ను తన మేనమామ ఫ్రెడరిక్ ఆగస్ట్‌కు ఇప్పించింది. ఆయన కొడుక్కి మతి స్థిమితం లేకపోవడంతో పాలన అన్నదమ్ముల బిడ్డకు పోయింది. 1818లో యేవర్‌ను రష్యా అతనికే అప్పగించింది. అతని పేరు పీటర్ ఫ్రెడరిక్ లుడ్‌విగ్, పద్నాలుగేళ్ల సోఫీని పెళ్లి చేసుకుంటానని తిరిగిన ఆ మేనమామ గియోర్గ్ లుడ్‌విగ్ కొడుకు.